పాత కంప్యూటర్ ఇచ్చేసేముందు అందులో ఎవరెవరి కాగితాలు ఉన్నాయో చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం,

సైబర్ మోసాల గురించి మీ పేపర్‌లో తరచుగా రాస్తున్నారు, ఓటీపీ చెప్పొద్దు, తెలియని లింక్ నొక్కొద్దు, వీడియో కాల్‌లో పోలీస్ డ్రెస్ వేసుకున్నవాణ్ణి చూసి భయపడొద్దు అని, అన్నీ అవసరమైన మాటలే. కానీ ఒక్క సంగతి మాత్రం ఎక్కడా కనపడట్లేదు సార్, అందుకే ఈ ఉత్తరం. మన ఇళ్లలోంచి, చిన్న చిన్న ఆఫీసుల్లోంచి, క్లినిక్‌ల్లోంచి, గల్లీ చివర జిరాక్స్ షాపుల్లోంచి రోజూ బయటికి పోతున్న పాత కంప్యూటర్ల గురించి నేను చెప్పేది. మల్కాజిగిరిలో కంప్యూటర్ సర్వీసింగ్ చేస్తాను, చాలా ఏళ్లుగా ఇదే నా బతుకుతెరువు, ఎవరో చెప్తే విని రాస్తున్నది కాదు ఇది, నా టేబుల్ మీదకి వచ్చిన డిస్కులు చూసి రాస్తున్నా.

ఇప్పుడే ఎందుకంటే, విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలుగా ఇచ్చే సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆపేసింది. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ చిప్ ఉండాలి, ప్రాసెసర్ కూడా వాళ్ల లిస్టులో ఉండాలి, 2015, 2016 ప్రాంతంలో కొన్న మిషన్లు చాలావరకు ఆ లిస్టులో లేవు. దాంతో నిక్షేపంగా నడిచే కంప్యూటర్లని కూడా జనం తీసేస్తున్నారు. ఎక్స్‌చేంజ్‌లో ఇస్తే కొత్తదాని మీద ఎంతో కొంత తగ్గుతుంది, లేదంటే పాత సామాన్ల బండి అతనికి తూకానికి వేసేస్తారు. ఇచ్చేముందు ఏం చేశారని అడిగితే అందరి నోటా ఒకటే మాట, ఫార్మాట్ కొట్టించేశాం అన్నా, అందులో ఏం లేదు అని.

ఆ ఫార్మాట్ దగ్గరే వస్తోంది తంటా అంతా. మన దగ్గర మెకానిక్ ఫార్మాట్ కొట్టాడంటే డిస్కులో విండోస్ ఉండే భాగం, అంటే సీ డ్రైవ్ ఒక్కటే కొట్టాడని అర్థం, పక్కన ఉండే డీ డ్రైవ్ ముట్టుకోడు. ఎందుకంటే ముఖ్యమైనవన్నీ డీలో పెట్టుకోండి సార్, విండోస్ పాడైనా మీ డేటా ఎక్కడికీ పోదు అని మేమే ఇన్నేళ్లూ కస్టమర్లకి చెప్తూ వచ్చాం, అది అప్పటికి మంచి సలహానే, రిపేర్‌కి వచ్చిన మిషన్‌కి అది చాలు. కానీ అమ్మకానికి పోయే మిషన్‌కి అదే అలవాటు కొనసాగిస్తే విండోస్ మాత్రం కొత్తగా మెరిసిపోతూ ఉంటుంది, డీలో పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాల స్కాన్లు, భార్యాభర్తల పాస్‌వర్డులన్నీ రాసి పెట్టుకున్న నోట్‌ప్యాడ్ ఫైలు, అన్నీ పెట్టినవి పెట్టినట్టే కొత్త ఓనర్ చేతికి పోతాయి. దీనికి సాఫ్ట్‌వేర్ కూడా అక్కర్లేదు, డబుల్ క్లిక్ చేస్తే చాలు.

సరే డీ కూడా ఫార్మాట్ చేశారనుకుందాం. అప్పుడు కూడా ఆ క్విక్ ఫార్మాట్ కొన్ని సెకన్లలో అయిపోతుంది చూడండి, అంత పెద్ద డిస్కు అంత తొందరగా ఎలా ఖాళీ అవుతుంది? అవ్వదు. ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో రాసుకునే పట్టిక ఒకటి ఉంటుంది, ఫార్మాట్‌లో పోయేది అదే, ఫైళ్లు కదలవు. డిలీట్ కొట్టి రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా అంతే. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రిజిస్టర్‌లో మన పేరు కొట్టేసినంత మాత్రాన మనం ఫ్లాట్ ఖాళీ చేసినట్టు కాదు కదా. ఆ జాగాలో కొత్త డేటా వచ్చి కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది, పోయిన ఫైళ్లు వెతికి తీసే రెకువా, ఫొటోరెక్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఫ్రీగా దొరుకుతాయి, ఇంటర్ చదివే పిల్లాడు కూడా ఒక సాయంత్రం కూర్చుని వెనక్కి తీయగలడు.

ఒక డిస్కు గురించి చెప్తాను. ఒక బీటెక్ అబ్బాయి సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొనుక్కున్నాడు, తన ప్రాజెక్టు ఫోల్డర్ పొరపాటున డిలీట్ అయిందని నా దగ్గరికి తెచ్చాడు, రికవరీ పెట్టాం. ప్రాజెక్టు వచ్చింది, దాంతోపాటు పాత ఓనర్‌ది కూడా వచ్చింది. ఆ మిషన్ అంతకుముందు ఏదో జిరాక్స్, ఆన్‌లైన్ సెంటర్‌లో ఉండేదని చూడగానే తెలిసిపోయింది. స్కాన్ అని పేరు, పక్కన నంబర్, అట్లా వరసగా పోతూనే ఉన్నాయి ఫైళ్లు. ఆధార్ ముందువైపు, వెనకవైపు, రేషన్ కార్డు, కుల సర్టిఫికెట్, పట్టాదారు పాస్‌బుక్, బ్యాంక్ పాస్‌బుక్ మొదటి పేజీ, పాస్‌పోర్ట్ సైజు ఫొటో, కింద తెల్లకాగితం మీద చేసిన సంతకం విడిగా స్కాన్ చేసి పెట్టింది. ఆఖరిది చూసి నాకు నిజంగా గుండె ఆగినంత పనైంది, ఎందుకంటే ఒక మనిషి పేరు మీద సిమ్ తీసుకోవాలన్నా, లోన్ యాప్‌లో దరఖాస్తు పెట్టాలన్నా వెతుక్కునే కాగితాలు వరసగా ఒకేచోట ఉన్నాయి. ఆ మనుషులకి తమ కాగితాలు ఇప్పుడు ఎక్కడున్నాయో తెలీదు. ఆ అబ్బాయిని పక్కన కూర్చోబెట్టుకునే అతని ప్రాజెక్టు వేరే డ్రైవ్‌లోకి ఎక్కించి ఆ డిస్కు మొత్తం తుడిచేసి విండోస్ మళ్లీ వేసి ఇచ్చాను. అదృష్టం బాగుండి అది మంచి పిల్లాడి చేతిలో పడింది.

అందుకే అంటున్నా, అమ్మేవాడు నా కంప్యూటర్ నా ఇష్టం అనుకోవడానికి లేదు. డబ్బా అతనిదే, లోపల ఉన్నది గల్లీ అందరిదీ. స్కూల్ ఆఫీసు కంప్యూటర్‌లో పిల్లల పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు ఉంటాయి, క్లినిక్‌లో ఎవరికి ఏ జబ్బో ఉంటుంది, ట్యాక్స్ ఆడిటర్ దగ్గర అందరి ఫారం 16లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు ఉంటాయి. వాటికి పాస్‌వర్డ్ ఉంటుంది కదా అంటారు కొందరు. ఈ-ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ ఏంటో అందరికీ తెలుసు, పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. ఆ రెండూ పక్కన ఉన్న టెన్త్ మెమో స్కాన్‌లోనే దొరుకుతాయి, ఇంకేం తాళం అది. ఆధార్ వాళ్లు కూడా నెట్ సెంటర్లలో ఈ-ఆధార్ డౌన్‌లోడ్ చేసుకోకండి, తప్పక చేసుకుంటే ఆ కాపీ మిషన్‌లోంచి పూర్తిగా తీసేయండి అని జనానికి చెప్పారు. జనం తీసేయడం సంగతి అలా ఉంచండి, ఆ సెంటర్ వాళ్లే రోజూ సాయంత్రం షట్టర్ దించేముందు డౌన్‌లోడ్స్, స్కాన్ ఫోల్డర్లు ఖాళీ చేసే అలవాటు పెట్టుకుంటే సగం బాధ అక్కడే పోతుంది.

జిరాక్స్ అంటే గుర్తొచ్చింది, కంప్యూటర్‌లోనే కాదు, పెద్ద డిజిటల్ జిరాక్స్ మిషన్లు చాలావాటిలో లోపల హార్డ్ డిస్క్ ఉంటుంది, కాపీ తీసిన ప్రతి కాగితం బొమ్మ అందులో మిగిలిపోవచ్చు, ఇది షాపు నడిపేవాళ్లలో కూడా చాలామందికి తెలీదు. 2010లో అమెరికాలో సీబీఎస్ న్యూస్ వాళ్లు వాడేసిన కాపియర్లు కొని డిస్కులు తీసి చూస్తే పోలీసుల కేసు కాగితాలు, రోగుల రికార్డులు బయటపడ్డాయి. అందులో ఒక మిషన్ అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే బీమా సంస్థది, 2013లో వాళ్ల దగ్గర 12 లక్షల డాలర్లకు పైగా కట్టించుకుంది అక్కడి ప్రభుత్వం. మన నగరంలో సెకండ్ హ్యాండ్ కాపియర్లు ఎన్ని చేతులు మారుతుంటాయో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. మిషన్ మార్చేటప్పుడు సర్వీస్ ఇంజినీర్‌ని పిలిచి డిస్క్ ఉందా, ఉంటే నా ముందు ఎరేజ్ కొట్టండి అని అడగండి.

ఇక ఎలా తుడవాలో చెప్తాను. ముందు మీకు కావాల్సినవి వేరే డ్రైవ్‌లోకి ఎక్కించుకుని అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి, తుడిచాక బతిమాలినా రావు. బ్రౌజర్‌లో సేవ్ అయిన పాస్‌వర్డులు, జీమెయిల్, వాట్సాప్ వెబ్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ అన్నిట్లోంచి లాగౌట్ అవ్వండి, వాట్సాప్‌లో అయితే ఫోన్‌లో లింక్డ్ డివైసెస్‌లోకి వెళ్లి అక్కడినుంచి కూడా తీసేయండి. మిషన్ ఆన్ అవుతుంటే విండోస్‌లోనే దారి ఉంది, సెట్టింగ్స్‌లో రికవరీకి వెళ్లి రీసెట్ దిస్ పీసీ, రిమూవ్ ఎవ్రీథింగ్ నొక్కాలి, అక్కడితో ఆగిపోకుండా చేంజ్ సెట్టింగ్స్ అని చిన్నగా ఉంటుంది, దాన్ని తెరిచి క్లీన్ డేటా అనేది ఆన్ చేయాలి, ఒకటి కంటే ఎక్కువ డ్రైవ్‌లు ఉంటే అన్ని డ్రైవ్‌లూ అనేది కూడా ఎంచుకోవాలి. ఈ రెండూ వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తాం, డీ అలాగే ఉంటుంది, సీ పైపైన తుడిచినట్టు ఉంటుంది.

పాత రకం తిరిగే హార్డ్ డిస్క్ అయితే, దాన్ని విడిగా తీసి వేరే మిషన్‌కి తగిలించి విండోస్‌లోనే ఉండే డిస్క్‌పార్ట్ అనే టూల్‌లో క్లీన్ ఆల్ అనే కమాండ్ కొట్టొచ్చు, డిస్కు మొత్తం సున్నాలతో నింపేస్తుంది. ఒట్టి క్లీన్ అంటే పట్టికే పోతుంది, ఆల్ తప్పకుండా ఉండాలి. డిస్క్ నంబర్ మాత్రం ఒకటికి రెండుసార్లు చూసుకోండి, ఇలాంటి పనిలో మిగతా పెన్‌డ్రైవ్‌లు, ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లు అన్నీ పీకేసి పెట్టుకోవడం మేలు. ఒక టీబీ డిస్కుకి రెండు మూడు గంటలు, పాతదైతే ఇంకా ఎక్కువే పడుతుంది, అందుకే దుకాణంలో ఎవరికీ దానికి ఓపిక ఉండదు, కానీ రాత్రి పెట్టి పడుకుంటే పొద్దున్నకి అయిపోతుంది. 35 సార్లు తుడవాలి, 7 సార్లు తుడవాలి అని భయపెట్టేవాళ్లున్నారు, ఆ 35 అనేది 1996లో పీటర్ గట్‌మన్ అనే ఆయన అప్పటి డిస్కుల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన పేపర్‌లోంచి వచ్చింది. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం ఇప్పటి హార్డ్ డిస్కుకి ఒక్కసారి పాత డేటా మీద పూర్తిగా కొత్తది రాసేస్తే (ఓవర్‌రైట్) మామూలుగా సరిపోతుంది. అయిపోయాక మీరే రెకువా వేసి వెతికి చూడండి, ఏమీ రాకపోతే నిశ్చింతగా ఉండొచ్చు.

తిరిగే పళ్లెం లేకుండా చిప్స్‌లో డేటా దాచే ఎస్ఎస్‌డీ సంగతి వేరు, ఇక్కడ మా మెకానిక్‌లలో కూడా చాలామందికి సరిగ్గా తెలీదు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నా. ఎస్ఎస్‌డీలో చిప్స్ ఒకేచోట అరిగిపోకుండా రాసే డేటాని లోపలి కంట్రోలర్ రకరకాల చోట్లకి పంచుతుంది, విండోస్‌కి కనపడని స్పేర్ జాగా కూడా కొంత ఉంటుంది. అందుకని మనం పైనుంచి సున్నాలు నింపామనుకున్నా లోపల ఏదో మూల పాత ముక్కలు మిగిలిపోవచ్చు. డీబ్యాన్ లాంటి, డిస్కు తుడిచే పాత టూల్స్ హార్డ్ డిస్కుల కోసం తయారైనవి, ఎస్ఎస్‌డీకి పనికిరావు. దీనికి సెక్యూర్ ఎరేజ్ అనే కమాండ్ డ్రైవ్‌లోనే ఉంటుంది, ఎస్ఎస్‌డీ కంపెనీ ఇచ్చే సాఫ్ట్‌వేర్‌తో కొట్టొచ్చు, డెల్, హెచ్‌పీ బిజినెస్ మోడళ్లలో అయితే చాలావాటికి బయాస్‌లోనే, అంటే విండోస్ మొదలవ్వకముందు వచ్చే సెట్టింగ్స్‌లోనే ఆ ఆప్షన్ ఉంటుంది. ఇంకా తేలికైన దారి, మిషన్ కొన్న మొదటిరోజే విండోస్‌లో ఉండే బిట్‌లాకర్‌తో డ్రైవ్ మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేనిదే చదవలేని రాతగా మార్చి పెట్టుకోవడం, అప్పుడు అమ్మేరోజు రీసెట్ కొడితే తాళంచెవి పోతుంది, మిగిలిందేమన్నా ఉన్నా అర్థంలేని గీతలే. మ్యాక్ వాడేవాళ్లకి అలాంటిదే ఫైల్‌వాల్ట్ ఉంది, కొత్త మ్యాక్‌లలో ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్ అని ఒక్క చోటే అయిపోతుంది.

మిషన్ ఆన్ కాకపోతే ఏం చేయాలని అడుగుతారు, అసలు ఎక్కువమంది అప్పుడే అజాగ్రత్తగా ఉంటారు, ఎలాగూ చచ్చిపోయింది కదా అని. మదర్‌బోర్డ్ పోయినా డిస్కు బతికే ఉంటుంది, వేరే దానికి తగిలిస్తే లేచి కూర్చుంటుంది. అలాంటప్పుడు డిస్కు విప్పి మీ దగ్గరే ఉంచుకోండి, డెస్క్‌టాప్‌లో నాలుగు స్క్రూలు, చాలా లాప్‌టాప్‌ల్లో కూడా వెనక మూత తీస్తే దొరుకుతుంది. డిస్కు లేకుండా ఇస్తే రేటు కొంచెం తగ్గిస్తారు, తగ్గించనివ్వండి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి వెళ్తే దానికి కేసింగ్ దొరుకుతుంది, అందులో పెట్టుకుంటే ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లా వాడుకోవచ్చు. డిస్కే పాడైతే పగలగొట్టాలి, నీళ్లలో ముంచడం, స్పీకర్ అయస్కాంతం రుద్దడం వీటితో ఏం అవ్వదు. హార్డ్ డిస్కు లోపలి పళ్లెం దాకా డ్రిల్‌తో కన్నాలు పెట్టాలి, లాప్‌టాప్ డిస్కుల్లో ఆ పళ్లెం చాలావాటిలో గాజుతో చేసింది, ముక్కలై ఎగురుతుంది, కళ్లద్దాలు పెట్టుకోండి, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఎస్ఎస్‌డీ అయితే ప్రతి నల్ల చిప్ పగలాలి, మధ్యలో ఒక కన్నం పెట్టి వదిలేస్తే లాభం లేదు.

డేటా పోయాక మిగిలిన డబ్బా సంగతి. పనిచేసే మిషన్ అయితే చెత్త అనుకోకండి దయచేసి, విండోస్ బదులు లినక్స్ మింట్ లాంటివి ఫ్రీగా వేసుకోవచ్చు, మామూలు చదువుకి, టైపింగ్‌కి, యూట్యూబ్‌లో పాఠాలు వినడానికి హాయిగా నడుస్తుంది, మీ ఇంట్లో పనిచేసే అమ్మ పిల్లలకో, దగ్గర్లోని సర్కారు బడికో ఇస్తే ఇంకో నాలుగైదేళ్లు పనికొస్తుంది. నిజంగా పాడైపోయినదాన్ని మాత్రం స్వచ్ఛ ఆటోలో చెత్తతో కలిపి వేయొద్దు, లాప్‌టాప్ బ్యాటరీ లిథియంది, నలిగితే మంట లేస్తుంది, చెత్త నొక్కే లారీలో అది పడితే ఆ కార్మికుడి పరిస్థితి ఆలోచించండి. బోర్డుల టంకంలో సీసం, పాత డబ్బా మానిటర్ గాజులో కూడా సీసం, పాత ఎల్‌సీడీ తెరల వెనక లైట్లలో పాదరసం ఉంటాయి. ఊరి చివర ఖాళీ జాగాల్లో రాగి కోసం వైర్లు కాల్చేవాళ్లని నేను చూశాను, ఆ నల్లటి పొగ గొంతులో పట్టుకుంటే రాత్రంతా దగ్గే, వాళ్లలో పిల్లలు కూడా ఉంటారు, చేతులకి గ్లవుజులు ఉండవు. వాళ్లని తిట్టి లాభం లేదు, మనం ఇచ్చిందే వాళ్ల దగ్గరికి చేరింది.

రూల్స్ లేవా అంటే ఉన్నాయి. ఈ-వేస్ట్ రూల్స్ 2022లో కొత్తవి వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి, వాటి ప్రకారం తయారుచేసిన కంపెనీలకి బాధ్యత ఉంది, ఎక్కువ మొత్తంలో వాడే పెద్ద ఆఫీసులు రిజిస్టర్ అయిన రీసైక్లర్లకి, పాతవి బాగుచేసి అమ్మే రీఫర్బిషర్లకి, లేదా ఆ కంపెనీలకే ఇవ్వాలి. మన హైదరాబాద్‌లోనే చర్లపల్లిలో సీ-మెట్ అని కేంద్రప్రభుత్వ సంస్థ ఈ-వేస్ట్‌లోంచి లోహాలు తీసే పద్ధతుల మీద పనిచేస్తోంది, అంటే మన దగ్గర తెలివి లేక కాదు. డేటా వైపు చూస్తే డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం 2023లో పాసైంది, దశలవారీగా అమలవుతోంది, జనం వివరాలు దగ్గర పెట్టుకున్నవాళ్లు వాటిని కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా అని అందులో ఉంది. అమెరికాలో మోర్గాన్ స్టాన్లీ అంతటి పెద్ద ఆర్థిక సంస్థ పాత సర్వర్లు, డిస్కులు తీసేసే పనిని ఆ పనిలో అనుభవం లేని ప్యాకర్స్ అండ్ మూవర్స్ వాళ్లకి అప్పగిస్తే కస్టమర్ల డేటాతోనే కొన్ని ఆన్‌లైన్ వేలంలో అమ్ముడుపోయాయి, 2022లో 3.5 కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. కానీ ఈ చట్టాలు మా గల్లీ జిరాక్స్ షాపు దాకా, క్లినిక్ రిసెప్షన్ దాకా ఎప్పుడు వస్తాయి సార్, వచ్చేదాకా ఆ డిస్కులు ఆగుతాయా?

అందుకే మీ పేపర్ ద్వారా అడుగుతున్నా. ఎక్స్‌చేంజ్ తీసుకునే దుకాణాల వాళ్లు, పాతవి కొనేవాళ్లు కస్టమర్ ముందే డిస్కు వైప్ చేసి ఒక చిన్న చీటీ ఇవ్వాలి, డిస్కు సీరియల్ నంబర్, ఏ పద్ధతిలో తుడిచారు, తేదీ, స్టాంపు, అంతే, కావాలంటే దానికి వంద రెండొందలు తీసుకోండి, జనం ఇస్తారు. ఆ చీటీ ఇచ్చే దుకాణానికి మంచి పేరు కూడా వస్తుంది. మున్సిపల్ కార్పొరేషన్ వాళ్లు వార్డుకి ఒకచోట నెలకి ఒక ఆదివారం ఈ-వేస్ట్ తీసుకునే ఏర్పాటు చేయాలి, సనత్‌నగర్‌లోని కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు రిజిస్టర్ అయిన రీసైక్లర్ల పేర్లు, అడ్రసులు తెలుగులో, ఉర్దూలో వార్డు ఆఫీసుల గోడ మీద అంటించాలి, ఎక్కడో వెబ్‌సైట్‌లో ఇంగ్లిష్ పీడీఎఫ్‌లో ఉంటే పాత సామాన్ల బండి అతను చదువుతాడా. ఆ బండి వాళ్లని కూడా ఇందులో కలుపుకోవాలి, ఇల్లిల్లూ తిరిగేది వాళ్లే, వాళ్లకి గిట్టుబాటు ధర వస్తే సరుకు నేరుగా రీసైక్లర్ దగ్గరికే చేరుతుంది. మీరు కూడా మీ సిటీ పేజీలో డిస్కు తుడిచే పద్ధతి ఒకసారి బొమ్మలతో వేయండి.

మా వైపు నుంచి, మల్కాజిగిరి, నేరేడ్‌మెట్, సఫిల్‌గూడ కాలనీ సంఘాల వాళ్లు ఎవరైనా ఒక ఆదివారం కమ్యూనిటీ హాల్ ఇచ్చి కరెంటు పాయింట్లు చూపిస్తే నేను, నాతో పనిచేసే కుర్రాళ్లు వచ్చి తెచ్చిన ప్రతి డిస్కునీ ఓనర్ ముందే ఉచితంగా తుడిచి ఇస్తాం. పెద్ద డిస్కులకి టైం పడుతుంది కాబట్టి పొద్దున్నే తెచ్చుకోమని చెప్పండి, ఛార్జర్ కూడా మర్చిపోవద్దు.

ఇట్లు,
ఒక కంప్యూటర్ మెకానిక్,
మల్కాజిగిరి, హైదరాబాద్